సూర్యుడు పైన, చంద్రుడు కింద

ఫ్రిజ్ ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు 'టిక్' మని ఒక చిన్న చప్పుడు వస్తుంది చూడండి, అది వినపడితే నాకు ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తుంది. పిడుగు పడ్డా లేవనివాడివి, దీనికి లేస్తావేంటని ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నా పదకొండో ఏట, మూడేసి వారాల చొప్పున రెండుసార్లు, మా ఇల్లంతా అలాంటి టిక్ కోసమే చెవులు రిక్కించుకుని పడుకునేది. టిక్‌మంటే బల్బు వెలిగినట్టు, మళ్లీ టిక్‌మంటే ఆరినట్టు. రెండు టిక్కుల మధ్య మరీ ఎక్కువసేపు గడిచిందంటే, నాన్న మంచం దిగిన చప్పుడు వినపడేది.

ఆ బల్బు ఉండేది ఒక థర్మోకోల్ పెట్టెలో. పెట్టె నిండా కోడిగుడ్లు.

ఇదంతా ఒక పెట్ట అలగడంతో మొదలైంది. తొమ్మిది గుడ్ల మీద కూర్చున్న పెట్ట ఆరు రోజులు బుద్ధిగా పొదిగి, ఏడో రోజు మేతకని లేచి, మళ్లీ గూటి ముఖం చూడలేదు. నాన్నమ్మ దాన్ని పట్టుకొచ్చి రెండుసార్లు కూర్చోబెట్టింది. రెండుసార్లూ అది రెక్కలు దులుపుకుని వెళ్లిపోయింది. "దానికి మనసు విరిగిందిరా, వదిలెయ్యండి" అంది నాన్నమ్మ. నాన్నకి వదిలెయ్యడం అనే మాట ఏ విషయంలోనూ నచ్చదు. ఆగిపోయిన గడియారం, పాడైన రేడియో, కాలు విరిగిన కుర్చీ, ఏదైనా సరే ఆయన చేతిలో పడితే మళ్లీ పనిచెయ్యాల్సిందే. మర్నాడే ఒక అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి గుడ్లు అందులో పెట్టాడు. కానీ అవి అప్పటికే రాత్రంతా చలిలో పడున్నాయి. ఒక్కటీ దక్కలేదు. అయితే నాన్నకి పురుగు కుట్టేసింది. కోడి చేసే పని పెట్టె ఎందుకు చెయ్యలేదు అని.

పెట్టె తయారవడానికి పదిహేను రోజులు పట్టింది. ఎక్కడినుంచో మందపాటి థర్మోకోల్ పెట్టె సంపాదించాడు. మూతలో కిటికీలా కోసి, పాత ఫొటో ఫ్రేములోని అద్దం బిగించాడు. అడుగున నీళ్ల పళ్లెం, దాని మీద ఇనుప జల్లెడ, జల్లెడ మీద గుడ్లు. ఒక మూలన 40 వాట్ల బల్బు, దానికి అడ్డంగా చిల్లులు పొడిచిన రేకు డబ్బా. వేడి నేరుగా గుడ్లకి తగలకూడదని. వేడి ఎక్కువైతే బల్బు దానంతటదే ఆరిపోవాలి కదా, దానికి మొదట ఇస్త్రీ పెట్టెలోంచి థర్మోస్టాట్ పీకి పెట్టాడు. అది బట్టలకి చాలుతుందేమో గానీ ప్రాణానికి చాలదు. ఐదారు డిగ్రీలు అటూ ఇటూ ఊగేది. గుడ్డుకి ఒక డిగ్రీ తేడా కూడా పెద్దదే. చివరికి అందుకోసమే చేసిన చిన్న థర్మోస్టాట్ ఒకటి దొరికింది. నేను చెప్పే టిక్ దానిదే. ఇక అమ్మ ఇస్త్రీ పెట్టె మాత్రం మళ్లీ సరిగ్గా వేడెక్కింది లేదు. ఆ మాట ఇప్పటికీ అంటుంది.

గుడ్లు వారంపాటు పోగేశాం. అంతకన్నా పాతవైతే పొదిగే గుణం తగ్గుతుందట. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే మూలలో, లావు వైపు పైకి ఉండేలా నిలబెట్టాం. కడగొద్దని నాన్న గట్టిగా చెప్పాడు. కోడి పెట్టిన గుడ్డు మీద కంటికి కనపడని పలచటి పూత ఒకటుంటుంది, అది పోతే పెంకుకున్న వేల రంధ్రాల్లోంచి క్రిములు లోపలికి దిగుతాయి. గుడ్డు ఊపిరి పీల్చేది కూడా ఆ రంధ్రాల్లోంచే. గుడ్డు ఊపిరి పీల్చుకోవడం ఏంటో నాకప్పుడు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను.

అందరికన్నా మంచి పని అక్కకి దక్కింది. గుడ్డుని రోజుకి మూడుసార్లు తిప్పాలి. ఏది తిప్పామో ఏది తిప్పలేదో తెలియడానికి ఒక వైపు ఒక గుర్తు, రెండో వైపు ఇంకో గుర్తు. పెన్ను ఇంకు లోపలికి దిగుతుందని పెన్సిల్‌తోనే గియ్యాలి. నాన్న ఇంటూ, సున్నా చాలన్నాడు. అక్క వినలేదు. ఒక వైపు సూర్యుణ్ణి, రెండో వైపు చంద్రవంకని గీసింది. పద్నాలుగు సూర్యుళ్లూ పద్నాలుగు చంద్రుళ్లూ, ఒక్కోదానికి ఒక్కో రకం కిరణాలు, ఒక చంద్రుడికి ముక్కు కూడా. దీనికి ఒక మధ్యాహ్నమంతా తీసుకుంది.

మూడుసార్లే ఎందుకు, నాలుగుసార్లు తిప్పితే ఇంకా మంచిది కదా అని అడిగాను. నాన్న చేతిలోకి ఒక గుడ్డు తీసుకుని తిప్పి చూపించాడు. పగలు ఎన్నిసార్లయినా తిప్పుతాం, రాత్రి మాత్రం అందరం పడుకుంటాం, గుడ్డు ఒకే వైపు చాలా గంటలు ఉండిపోతుంది. సరి సంఖ్యలో తిప్పితే ప్రతి రాత్రీ అదే వైపు పైకి ఉంటుంది. బేసి సంఖ్య అయితే ఒక రాత్రి సూర్యుడు పైన, మరుసటి రాత్రి చంద్రుడు పైన. ఒకే వైపు ఉండిపోతే లోపలి పిల్ల పెంకు పొరకి అతుక్కుపోతుందట. కోడి అయితే ముక్కుతో నెట్టుకుంటూ రోజంతా తిప్పుతూనే ఉంటుంది, దానికి లెక్కలక్కర్లేదు. ఆ తర్వాత బళ్లో సరి, బేసి అని ఎవరన్నా నాకు ముక్కున్న చంద్రుడే కనపడేవాడు.

నాన్నమ్మ ఈ తతంగాన్నంతా గుమ్మంలో కూర్చుని చూసేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "కోడికి థర్మామీటరు ఎవడు పెట్టాడ్రా?" అనేది. నాన్న పెట్టెకి గాలి కోసం చిల్లులు పెడుతుంటే "వేడంతా పోయాక దుప్పటి కప్పుతావా?" అనేది. మూడో రోజో నాలుగో రోజో, తిప్పే వేళకి వచ్చి ఒక గుడ్డు చేతిలోకి తీసుకుంది. కళ్లు మూసుకుని గుడ్డుని కనురెప్పకి ఆనించుకుంది. రెండో కంటికీ ఆనించింది.

"చల్లగా ఉంది" అంది.

"38 చూపిస్తోందమ్మా" అన్నాడు నాన్న.

"నీకు చూపిస్తోందేమో. గుడ్డుకి చూపించట్లేదు."

నాన్న నవ్వి ఊరుకున్నాడు. మేమూ నవ్వాం. నాన్నమ్మ గుడ్డు పెట్టేసి, చెయ్యి చీరకి తుడుచుకుని వెళ్లిపోయింది. రోజూ ఒకసారి వచ్చి కంటికి ఆనించి చూడ్డం, పెదవి విరిచి వెళ్లడం. మళ్లీ నోరెత్తి అనలేదు.

ఏడో రోజు రాత్రి గుడ్లు చూశాం. గదిలో దీపాలన్నీ ఆర్పి, అట్టకి రూపాయి బిళ్లంత చిల్లు పెట్టి, వెనక టార్చిలైటు. ఆ చిల్లు మీద గుడ్డు ఆనించగానే గుడ్డంతా దీపంలా ఎర్రగా వెలిగింది. లోపల ఎర్ర సాలీడు. అలాగే కనపడింది నాకు. మధ్యలో ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ అన్ని వైపులకీ పాకిన సన్నటి నెత్తుటి దారాలు. ఆ చుక్క కదిలింది. అక్క నా చెయ్యి పట్టుకుని గిల్లింది. ఆ నల్ల చుక్క కన్ను అని నాన్న చెప్పాడు. కోడిపిల్లకి కళ్లు ముందే అంత పెద్దవిగా తయారవుతాయట. గుండె అయితే రెండో రోజు దాటేసరికే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఆ మాట విన్నాక నేను మెట్లు దిగేటప్పుడు కూడా అడుగు మెల్లగా వేసేవాణ్ణి, పెట్టె అదురుతుందేమోనని.

మూడు గుడ్లలో ఏమీ లేదు, ఖాళీ వెలుగు. ఒకదాంట్లో నెత్తురు ఉంగరంలా గుండ్రంగా పేరుకుని ఉంది. మొదలై ఆగిపోయిందన్నమాట. మిగిలిన పదింటి మీద నాన్న పెన్సిల్‌తో లావు చివరన గాలి గది ఎంతవరకు ఉందో గీత గీశాడు. పద్నాలుగో రోజు మళ్లీ చూస్తే ఆ గీత కిందికి జరగాలి. గుడ్డు తనలోని నీటిని కొద్దికొద్దిగా ఆవిరి చేసుకుంటూ ఉంటుంది, పిల్ల పెంకు పగలగొట్టే నాటికి బరువులో దాదాపు ఎనిమిదో వంతు తగ్గాలి. ఆ ఖాళీ అయిన చోటే పిల్ల మొదటి ఊపిరి పీలుస్తుంది. పద్నాలుగో రోజున ఇంకొకటి తీసేయాల్సొచ్చింది. తొమ్మిది మిగిలాయి.

చిన్నప్పుడు ఎడిసన్ కోడిలా గుడ్ల మీద కూర్చున్నాడని పిల్లలకి చెప్పే కథ ఒకటుంది కదా, అక్క నన్ను ఆ పేరుతోనే పిలిచేది. ఎందుకంటే నేను పెట్టె పక్కనుంచి కదిలేవాణ్ణి కాదు. అద్దంలోంచి చూస్తే చాలదు నాకు. మూత కొంచెం ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి, ఆ వెచ్చదనం తాకాలి. ఎవరూ లేనప్పుడు రోజుకి ఎన్నిసార్లు ఎత్తానో.

18వ రోజు నుంచి తిప్పడం ఆపెయ్యాలి. పిల్ల లావు చివరకి తల తిప్పుకుని బయటికొచ్చే భంగిమలో సర్దుకుంటుంది, ఇంక దాన్ని కదపకూడదు. లోపల తేమ పెంచాలి, మూత ముట్టుకోకూడదు. గుడ్లు పొదిగించేవాళ్లు ఈ చివరి మూడు రోజుల్నీ లాక్‌డౌన్ అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మాకప్పుడు ఆ మాట తెలీదు. "ముట్టుకోవద్దు" అని మాత్రమే చెప్పారు.

21వ రోజు ఏమీ కాలేదు. నేను బడికి వెళ్లనని మొండికేసి, ఇంట్లో ఉండిపోయి, పెట్టె ముందు కూర్చున్నాను. 22వ రోజూ ఏమీ లేదు. నాన్న ముఖం చూస్తే భయం వేసింది. 23వ రోజు మధ్యాహ్నం, అందరూ ఏదో పనిలో ఉండగా, ఒక గుడ్డు మీద మినపగింజంత బీట కనపడింది.

ఇక్కడినుంచి చెప్పేది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మొన్న మొన్నటిదాకా.

బీటలోంచి చిన్న ముక్కు చివర కనపడుతోంది. తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. నేను మూత తీశాను. దగ్గర్నించి చూశాను. కియ్ మంది. మూత వేశాను. పావుగంటకి మళ్లీ తీశాను. మళ్లీ. గంటలు గడుస్తున్నా బీట పెద్దదవట్లేదు. పాపం దానికి బలం చాలట్లేదు అనుకున్నాను. నిజానికి పిల్ల మొదటి బీట కొట్టాక చాలాసేపు విశ్రాంతి తీసుకుంటుంది. పన్నెండు గంటలు, ఒక్కోసారి పూర్తి రోజు కూడా. ఆ సమయంలో పొరలో ఉన్న నెత్తుర్నీ, మిగిలిన పచ్చసొననీ ఒంట్లోకి లాక్కుంటుంది. ఊరికే పడున్నట్టు కనపడుతుంది గానీ అది పని చేస్తూనే ఉంటుంది. నాకు తెలీదు. గుడ్డు చేతిలోకి తీసుకుని గోటితో ఒక పెంకు ముక్క పీకాను. కింద పొర తెల్లగా, ఎండిన ఉల్లిపొరలా, పిల్ల ఒంటికి అంటుకుపోయి ఉంది. నేను మూత తీసినప్పుడల్లా తేమంతా పోయి, పొర దానికి బిగిసిపోయింది. ఇంకో ముక్క పీకాను. పొర చిరిగి, సన్నటి ఎర్ర దారం ఒకటి పాకింది. నా గోటి కిందికి నెత్తురొచ్చింది. గుడ్డు లోపల పెట్టేసి, మూత వేసి, చెయ్యి కడుక్కుని, పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఆ పుస్తకం ఏదో కూడా గుర్తులేదు.

సాయంత్రానికి ముక్కు కదలడం ఆగిపోయింది. అంతా దానికి బలం లేక పోయిందనుకున్నారు. నేను ఏడుస్తుంటే నాన్నమ్మ వీపు నిమిరింది. ఆ నిమరడం భరించడం ఎంత కష్టమో.

ఆ రాత్రి ఇంకో పిల్ల తనంతట తాను బయటికొచ్చింది. కాళ్లు నిలవలేదు, మూడో రోజు అదీ పోయింది. మిగిలిన ఏడు గుడ్లూ నాన్న పెరట్లో ఒక్కొక్కటే పగలగొట్టి చూశాడు. మమ్మల్ని రావద్దన్నాడు గానీ నేను గోడ పక్కనుంచి చూశాను. చాలావాటిలో పిల్ల పూర్తిగా తయారై ఉంది, ఈకలతో సహా. నాన్న అన్నిటినీ వరసగా పెట్టి చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. నాన్నమ్మ పక్కన నిలబడి "చల్లదనానికి పోయాయిరా" అంది. ఎత్తిపొడుపుగా కాదు.

అప్పుడు నాన్న లేచి వెళ్లి థర్మామీటరు పెట్టె పైభాగంలోంచి తీసి, గుడ్లు ఉండే జల్లెడ మీద పెట్టాడు. అరగంట ఆగి చూశాడు. 38 కాదు, 36 కన్నా తక్కువ. వేడిగాలి పైకి పోతుంది, అంతే సంగతి. థర్మామీటరు మూతకి దగ్గరగా వేలాడుతూ తన ఎత్తులో ఉన్న వేడిని నిజాయితీగానే చూపించింది. కింద గుడ్లు మాత్రం మూడు వారాలూ చలిలో ఉన్నాయి. ఆలస్యం అందుకే, నీరసం అందుకే. నాన్న ఏమీ అనలేదు. నాన్నమ్మ దగ్గరికెళ్లి "రెప్పకి ఎంత తగలాలమ్మా?" అని అడిగాడు. "వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు" అంది ఆవిడ. మా నాన్న జీవితంలో విన్న కొలతల్లో అన్నిటికన్నా అస్పష్టమైనది అదేననుకుంటా. అయినా నోటుబుక్కులో రాసుకున్నాడు.

చాలా ఏళ్లకి ఎక్కడో చదివాను. ఈజిప్టులో వందల ఏళ్లుగా మట్టి ఇటుకల పొయ్యిల్లో వేలకొద్దీ గుడ్లు పొదిగించేవారట. థర్మామీటరు లేకుండా, గుడ్డుని కనురెప్పకి ఆనించుకుని వేడి చూసేవారట, అక్కడి పనివాళ్లు. 18వ శతాబ్దంలో రోమూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ పొయ్యిల గురించి వివరంగా రాశాడు. తమాషా ఏంటంటే, ఉష్ణోగ్రత కొలవడానికి తన పేరుతో ఒక కొలమానమే ఉన్న మనిషి ఆయన. అది చదివినప్పుడు పక్కన నాన్నమ్మ ఉంటే బాగుండేదనిపించింది. "నాకు ఈజిప్టు వాడెవడు చెప్పాడ్రా" అనుండేది.

అలాగని నాన్నమ్మ చెప్పినవన్నీ నిజాలేం కాదు. రెండోసారి గుడ్లు పెట్టేటప్పుడు తను దగ్గరుండి ఏరింది. కోసుగా ఉంటే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట అని ఆవిడ నమ్మకం. అన్నీ గుండ్రటివే పన్నెండు ఏరి పెట్టింది, ఇంక ఇంటినిండా పెట్టలే అంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈసారి నాన్న పెట్టెని మార్చాడు. పాడైన కంప్యూటర్లోంచి చిన్న ఫ్యాన్ తీసి లోపల బిగించాడు, గాలి తిరిగితే పైనా కిందా ఒకే వేడి ఉంటుందని. గుడ్ల ఎత్తులో 37.5 ఉండాలి. రెండో థర్మామీటరు బుడ్డికి తడి గుడ్డ చుట్టి, దాని చివర నీళ్లలో వేశాడు. తేమ చూసే పద్ధతి అది, పొడి థర్మామీటరుకీ తడి థర్మామీటరుకీ తేడా ఎంత ఎక్కువుంటే లోపల గాలి అంత పొడిగా ఉన్నట్టు. మొదటి 18 రోజులు తడిది 29, 30 మధ్య, తర్వాత 32 దాటాలి. ఖాళీ పెట్టెని రెండు రోజులు ఊరికే నడిపి, నిలకడగా ఉందని తేలాకే గుడ్లు పెట్టాడు.

నాకో పని ఇచ్చాడు. ఒక నోటుబుక్కు చేతికిచ్చి, "మూత ఎప్పుడెప్పుడు తీశామో, ఎంతసేపు తీశామో, ఎవరు తీశారో నువ్వు రాయాలి. ఒక్కటి కూడా వదలొద్దు" అన్నాడు. నా ముఖంలోకి చూడలేదు. నోటుబుక్కు కేసి చూస్తూ చెప్పాడు.

ఎవరు ఎత్తినా నేను రాయాలి. నేను ఎత్తినా నేనే రాయాలి. తాళం వేసుంటే ఎలాగోలా తీసేవాణ్ణేమో, నోటుబుక్కు దగ్గర మాత్రం ఓడిపోయాను. ఆ మూడు వారాల్లో తిప్పే వేళల్లో తప్ప నా పేరు మీద ఒక్క గీత లేదు. అమ్మ పేరు మీద ఒకటుంది. "ఊరికే చూశాను" అని కారణం కూడా రాశాను.

16వ రోజు సాయంత్రం కరెంటు పోయింది. మొదటి అరగంట ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. తర్వాత నాన్న గాలి చిల్లులు సగం మూసి, పెట్టె చుట్టూ దుప్పట్లు కప్పాడు. అమ్మ నీళ్లు కాచి సీసాల్లో పోసి, వాటికి తువ్వాళ్లు చుట్టి ఇచ్చింది. వాటిని లోపల మూలల్లో పెట్టాం. చీకట్లో థర్మామీటరు కనపడక టార్చి వేస్తే, ఆ టార్చి కూడా మసకబారింది. నాన్నమ్మ కుర్చీ లాక్కుని పెట్టె పక్కన కూర్చుంది. గంటకోసారి ఒకే ఒక్క గుడ్డు తీయమనేది. రెప్పకి ఆనించి, "ఫర్లేదు" అనేది, లేదా "నీళ్లు మార్చండి" అనేది. ఐదు గంటలు. నేను నోటుబుక్కులో కొవ్వొత్తి వెలుగులో రాస్తూ కూర్చున్నాను. నాన్నమ్మ, నాన్నమ్మ, నాన్నమ్మ. వయసొచ్చిన పిండం తన వేడి తాను కొంత పుట్టించుకుంటుంది, మూడో వారంలో కొన్ని గంటలు చల్లబడినా తట్టుకుంటుంది అని ఇప్పుడు తెలుసు. ఆ రాత్రి మాకెవరికీ తెలీదు. అది నయమే. తెలిసుంటే అందరం నిద్రపోయేవాళ్లం, ఆ రాత్రే ఉండేది కాదు.

టిక్ మన్నప్పుడు అమ్మ చప్పట్లు కొట్టింది.

20వ రోజు రాత్రి అద్దం మీద చెమ్మ పట్టి లోపల ఏమీ కనపడలేదు. చెవి ఆనిస్తే మాత్రం వినపడింది. పెంకు పగలకుండానే, లోపలినుంచే, చాలా దూరంనుంచి వస్తున్నట్టు కియ్ కియ్. గాలి గదిలోకి ముక్కు దూర్చి ఊపిరి మొదలుపెట్టాక పిల్ల అరుస్తుంది. నాన్నమ్మ మూతకి దగ్గరగా వంగి గొంతులో 'క్లుక్ క్లుక్' మంది, అచ్చం పెట్టలా. లోపలినుంచి వెంటనే రెండు మూడు గొంతులు. అక్కా నేనూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నాం.

తెల్లారేసరికి మూడు బీటలు. మధ్యాహ్నానికి ఐదు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, నిజంగానే వెనక్కి కట్టుకుని. సాయంత్రం ఒక గుడ్డు ఉన్నట్టుండి పని మొదలుపెట్టింది. లోపల పిల్ల కొద్దికొద్దిగా తిరుగుతూ లావు చివర చుట్టూ డబ్బా మూత కోసినట్టు కోసుకుంటూ వచ్చింది. ఒక్కో పోటుకీ ఆగడం, మళ్లీ పొడవడం. చుట్టు పూర్తికాగానే మెడతో ఒక్క తోపు. మూత లేచింది. సగం సూర్యుడు ఒక ముక్కలో, సగం ఇంకో ముక్కలో.

ఎంత అందవిహీనంగా ఉందో చెప్పలేను. తడిసిపోయి, కళ్లు మూసుకుని, తల బరువుకి ముందుకి పడిపోతూ. ముక్కు చివర ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి మొన. పెంకు పొడవడానికి వాడిన పనిముట్టు అదే, కొన్ని రోజుల్లో రాలిపోతుంది. మూడు నాలుగు గంటలకి ఒళ్లు ఆరేసరికి, ఇది అదేనా అన్నట్టు పసుపు ముద్దలా మారిపోయింది. అయినా మూత తియ్యలేదు. పచ్చసొన లోపల ఉంటుంది కాబట్టి రెండు రోజులపైన మేత లేకపోయినా దానికి ఫర్వాలేదు. మిగిలినవాటికి తేమ పోకూడదు. నోటుబుక్కులో ఆ రోజు పేజీ ఖాళీ.

మర్నాటికి ఏడు పిల్లలు. ఖాళీ గుడ్లు రెండూ ఏడో రోజే తీసేశాం, ఇంకో మూడు రానేలేదు. పన్నెండుకి ఏడు గొప్ప లెక్కేం కాదు, కానీ మా ఇంట్లో అప్పుడు అది గొప్పే.

వాటిని అట్టపెట్టెలోకి మార్చి పైన బల్బు వేలాడదీశాం. మొదటి వారం 35 డిగ్రీల దాకా, తర్వాత వారానికి మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. ఇక్కడ నాన్న థర్మామీటరు చూడ్డం మానేశాడు. చలేస్తే పిల్లలన్నీ బల్బు కింద కుప్పగా చేరతాయి, వేడెక్కితే గోడలకి అతుక్కుని నోళ్లు తెరుస్తాయి, సరిగ్గా ఉంటే పెట్టె అంతా చెదిరి తిరుగుతాయి. బల్బు తాడు పైకీ కిందికీ లాగడమే పని. అవి అక్క పాదాల వెంటపడేవి. నా వెంట కాదు. దానికి నేను చాలా బాధపడ్డాను.

ఇక గుండ్రటి గుడ్ల సంగతి. పెరిగాక చూస్తే ఏడింటిలో ఐదు పుంజులు. పెట్టా పుంజా అన్నది గుడ్డు ఆకారంలో ఉండదు. పక్షుల్లో ఆ నిర్ణయం తల్లి వైపునుంచి వస్తుంది, పెంకు తయారుకాకముందే తేలిపోతుంది. నాన్నమ్మ ఒప్పుకోలేదు. "నేను పెట్టలే ఏరాను, మీ పెట్టె వేడికి పుంజులైపోయాయి" అంది. తెల్లారుజామున ఐదూ ఒకదాని మీద ఒకటి కూస్తుంటే అమ్మ ఇస్త్రీ పెట్టె ఊసెత్తేది.

మొన్నామధ్య నేనొక ఇంక్యుబేటర్ కొన్నాను. అన్నీ అదే చేసుకుంటుంది. గంటకోసారి అదే తిప్పుతుంది, అంకెల్లో వేడి, తేమ చూపిస్తుంది, తేడా వస్తే బీప్‌మంటుంది. టిక్ లేదు. గుర్తులు అక్కర్లేదు. అయినా గుడ్లు పెట్టేముందు పెన్సిల్ తీసుకుని మా పాపని పిలిచాను. అది సూర్యుడికి కళ్లజోడు పెట్టింది.

19వ రోజు నాన్నకి ఫోన్ చేశాను. డెబ్బై దాటాయి ఆయనకి, వినికిడి కొంచెం తగ్గింది, గట్టిగా చెప్పాలి. అలా గట్టిగా చెప్తూనే, ఎందుకో, ఆ మొదటి పిల్ల సంగతి చెప్పేశాను. మూత తీసింది, పెంకు పీకింది, నెత్తురు, అన్నీ. అవతల కాసేపు నిశ్శబ్దం. వినపడలేదేమో, మళ్లీ చెప్పాలేమోనని టెన్షన్.

"23వ రోజుదది. ముట్టుకోకపోయినా దక్కేది కాదులే" అన్నాడు.

"నీకు తెలుసా నాన్నా?"

"అద్దం మీద చెమ్మ లేదుగా ఆ రోజు. ఎన్నిసార్లు తీశావేంటి?"

"లెక్కపెట్టలేదు."

"అందుకే గదరా పుస్తకం ఇచ్చింది" అని, వెంటనే, "ఇప్పుడెంత చూపిస్తోంది?" అన్నాడు.

"37.5."

"రెప్పకి ఆనించి చూశావా?"